ఆటపెట్టెకు అక్షరాల మీటలు



1981 డిసెంబరు. అమెరికాలో మ్యాటెల్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఉద్యోగుల క్రిస్మస్ విందు. బార్బీ బొమ్మల మ్యాటెల్ వాళ్ళదే ఈ కంపెనీ కూడా. వాళ్ళ ఇంటెలివిజన్ అనే వీడియో గేమ్ పెట్టె ఆ రోజుల్లో బాగా అమ్ముడుపోతోంది. విందులో నవ్వించడానికి జే లెనో అనే హాస్యగాణ్ణి పిలిపించారు. తరవాతి కాలంలో టీవీలో రాత్రి కార్యక్రమం నడిపి అమెరికాలో ఇంటింటికీ తెలిసిన మనిషి ఆయన. లోకంలో మూడు పెద్ద అబద్ధాలున్నాయని మొదలుపెట్టాడట. చెక్కు పోస్టులో వేసేశాం అన్నది అందులో ఒకటి. 'కీబోర్డు వసంతానికల్లా వచ్చేస్తుంది' అన్నది ఆఖరుది. ఆ కంపెనీలో పనిచేసిన ప్రోగ్రామర్లు తరవాత ఏళ్ళ తరబడి చెప్పుకున్న ముచ్చట ఇది.

బయటినుంచి వచ్చిన హాస్యగాడికి కూడా తెలిసిపోయేంతగా నలిగిన ఆ కీబోర్డు సంగతేమిటి? ఈ పూట మాట్లాడబోయేది దాని గురించే. దాని గురించీ, దాని అన్నదమ్ముల గురించీ. 1970ల చివర నుంచి 1980ల నడుమ దాకా వీడియో గేమ్‌లు అమ్మిన ప్రతి పెద్ద కంపెనీ దాదాపుగా ఒకే మాట చెప్పింది. ఇవాళ ఈ ఆటపెట్టె కొనండి, రేపు దీనికి ఒక కీబోర్డు తగిలిస్తే ఇదే కంప్యూటర్ అయిపోతుంది అని. ఆ మాట పిల్లల కోసం చెప్పింది కాదు. పిల్లలకు ఆట చాలు. డబ్బు తీసి ఇచ్చే తల్లిదండ్రులకు మాత్రం మనసులో కాస్త జంకు ఉండేది: ఇంత పెట్టి కొంటున్నాం, వీడు చదువు మానేసి దీని ముందే కూర్చుంటాడేమో అని. ఆ జంకుకు మందు కీబోర్డు. నా ఉద్దేశంలో ఆ కీబోర్డుల్లో చాలావాటిని ఇంజినీర్ల కంటే ముందు అమ్మకాల విభాగం వాళ్ళు కనిపెట్టారు.

అసలు ఆటపెట్టెకూ కంప్యూటర్‌కూ తేడా ఎక్కడుంది? రెండింటిలోనూ ప్రాసెసర్ ఉంటుంది. రెండూ టీవీకే తగిలేవి. మీటలు లేకపోవడమే లోటు అనుకుంటే మీటలు పెడితే సరిపోవాలి కదా. కానీ చిక్కు మీటల్లో లేదు, జ్ఞాపకశక్తిలో ఉంది. ఆటపెట్టెలో ఆట అంతా కార్ట్రిడ్జ్‌లో ఉంటుంది. మన పిల్లలు గేమ్ క్యాసెట్టు అనేవారే, అదే. అది అచ్చు పుస్తకం లాంటిది, చదవడమే తప్ప అందులో రాయడం కుదరదు. మీరు సొంతంగా ప్రోగ్రామ్ రాయాలంటే పలక కావాలి. ఆ పలకే ర్యామ్. ఆట ఆడేటప్పుడు ఎన్ని ప్రాణాలు మిగిలాయి, ఎంత స్కోరు వచ్చింది, బంతి ఎక్కడుంది, ఇంతమాత్రం గుర్తుంటే చాలు. కాబట్టి ఆటపెట్టెల్లో ర్యామ్ పిసరంతే పెట్టేవారు. ఆ రోజుల్లో ర్యామ్ ఖరీదైన సరుకు మరి.

పిసరంత అంటే ఎంతో చెబుతాను. 1977లో ఆటారి అనే కంపెనీ తెచ్చిన ఆటారి 2600 ఆటపెట్టెలో ఉన్న ర్యామ్ 128 బైట్లు. ఇంగ్లీషులో 128 అక్షరాలు రాస్తే నిండిపోతుంది. అందులోనే ఆట తాలూకు లెక్కలన్నీ నడవాలి. అలాంటి యంత్రానికి కూడా ఆటారి వాళ్ళు 1980లో, కొత్తవాళ్ళు ప్రోగ్రామ్‌లు రాయడం నేర్చుకునే బేసిక్ అనే భాష పేరుతో, బేసిక్ ప్రోగ్రామింగ్ అనే కార్ట్రిడ్జ్ అమ్మారు. దాన్ని రాసినవాడు వారెన్ రాబినెట్. అడ్వెంచర్ అనే ఆటలో కంపెనీకి తెలియకుండా తన పేరు ఒక రహస్యపు గదిలో దాచినవాడు ఈయనే. ఆటారి వాళ్ళు తమ ఆటల మీద రాసినవాళ్ళ పేర్లు వేసేవారు కాదు. ఆ కడుపుమంట అది.

ఈ కార్ట్రిడ్జ్‌కు కీబోర్డు అంటూ వేరే లేదు. పన్నెండేసి మీటలున్న రెండు చిన్న ప్యాడ్లను పక్కపక్కన జోడిస్తే ఇరవైనాలుగు మీటలయ్యేవి. ఇంగ్లీషు అక్షరాలే ఇరవై ఆరు, ఆపైన అంకెలు, గుర్తులు. అందుకని ఒక్కో మీటకు నాలుగైదు పనులు. ఇంత అవస్థపడి రాస్తే ప్రోగ్రామ్ మొత్తం అరవై నాలుగు గుర్తుల లోపే. ఏం చేయగలం దానితో? ఒక చుక్కను అటూ ఇటూ కదిలించగలం, నాలుగు స్వరాలు పలికించగలం.

అయినా నాకు ఆ కార్ట్రిడ్జ్ అంటే గౌరవం. తెరమీద రాబినెట్ కొన్ని గళ్ళు పెట్టాడు. ఒక గడిలో మీరు రాసిన ప్రోగ్రామ్, ఇంకో గడిలో వేరియబుల్స్, మరో గడిలో యంత్రం ఆ క్షణాన చేస్తున్న లెక్క, వేరే గడిలో ఫలితం. ప్రోగ్రామ్ నడుస్తుంటే ఒక్కో గుర్తు దగ్గర యంత్రం ఏం చేస్తోందో, ఏ విలువ ఎప్పుడు మారుతోందో కళ్ళముందు కనిపించేది. ఇవాళ లక్షలు ఫీజు కట్టి చదివే పిల్లలకు డీబగ్గర్ అని చూపించేది ఇదే. 128 బైట్ల యంత్రంలో దాన్ని ఇమిడ్చాడు. పనికొచ్చే ప్రోగ్రామ్ ఒక్కటీ దాంట్లో రాయలేం, కానీ ప్రోగ్రామ్ అంటే ఏమిటో దాన్ని చూసి నేర్చుకోవచ్చు.

అదే ఆటారికి 1983లో స్పెక్ట్రావీడియో అనే వేరే కంపెనీ కంప్యుమేట్ అని నిజమైన కీబోర్డు తెచ్చింది. నలభై రెండు మీటలు. మీటలంటే పైకి లేచేవి కావు, చదునైన పొర మీద గళ్ళు. దాన్ని ఆటారి పెట్టె నెత్తిన కూర్చోబెట్టాలి. ఒక తీగ కార్ట్రిడ్జ్ సందులోకి, మరో రెండు తీగలు రెండు జాయ్‌స్టిక్ సాకెట్లలోకి వెళ్ళేవి. జాయ్‌స్టిక్ సాకెట్లు ఎందుకు అంటారా? అక్కడే ఉంది తమాషా.

ఆటారి కార్ట్రిడ్జ్ సందు చదవడానికే పుట్టింది. అందులో 'ఇప్పుడు రాస్తున్నాను' అని బయటి చిప్పుకు చెప్పే తీగే లేదు. బయట మీరు ర్యామ్ తగిలించినా, ప్రాసెసర్ దాన్ని చదువుతోందో దాంట్లో రాస్తోందో ఆ ర్యామ్‌కు తెలిసే దారి లేదు. కంప్యుమేట్ ఇంజినీర్లు ఏం చేశారంటే, జాయ్‌స్టిక్ సాకెట్‌ను తిరగేసి వాడారు. జాయ్‌స్టిక్ నుంచి సంకేతాలు లోపలికి రావడం మామూలు. వీళ్ళు అదే తీగల మీద లోపలినుంచి బయటికి సంకేతం పంపి, ఇది చదవడం, ఇది రాయడం అని ర్యామ్‌కు చెప్పించారు. ఇంతా చేసి తగిలించిన ర్యామ్ 2 కిలోబైట్లు. దాంతోనే బేసిక్ భాష, బొమ్మలు గీసే ప్రోగ్రామ్, పాటలు కట్టే ప్రోగ్రామ్. రాసింది దాచుకోవాలంటే మామూలు టేప్ రికార్డర్. ఆ ఏడే ఆటారి సొంతంగా గ్రాడ్యుయేట్ అనే కీబోర్డును ప్రకటించింది. పేరు చూడండి, పట్టభద్రుడు! అది దుకాణాల దాకా రాలేదు.

తెలివి విషయంలో వీళ్ళందరినీ మించినవాళ్ళు బ్యాలీ కంపెనీవాళ్ళని నేనంటాను. షికాగోలో పిన్‌బాల్ యంత్రాలు, జూదపు యంత్రాలు చేసే పాత కంపెనీ అది. వాళ్ళ ఇంటి ఆటపెట్టె ఆస్ట్రోకేడ్ పేరుతో తరవాత ప్రసిద్ధి. పెట్టె ముందు భాగాన క్యాలిక్యులేటర్‌కు ఉన్నట్టు ఇరవైనాలుగు మీటలు అతికించే ఉండేవి. జేమీ ఫెంటన్ దానికి బ్యాలీ బేసిక్ రాశారు. మీటల మీద ఒక ప్లాస్టిక్ తొడుగు వేస్తే ఒక్కో మీటకు రంగు రంగుల అక్షరాలు కనిపించేవి. ముందు ఆకుపచ్చ మీట నొక్కి తరవాత ఇంకోటి నొక్కితే ఒక అక్షరం, ఎర్ర మీట నొక్కి నొక్కితే ఇంకో అక్షరం, నీలం అయితే మరొకటి. బంగారు రంగు మీట తరవాత నొక్కితే ప్రింట్, గోటూ లాంటి బేసిక్ ఆజ్ఞలు పూర్తి మాటలుగానే పడేవి.

మరి ర్యామ్ ఎక్కడిది? పెట్టెలో ఉన్నది 4 కిలోబైట్లు, అదంతా తెరమీద బొమ్మ చూపడానికే సరిపోతుంది. తెరమీద ప్రతి చుక్కకూ రెండేసి బిట్లు, అంటే నాలుగు రంగులు. ఫెంటన్ ఆ రెండు బిట్లలో ఒకటి బొమ్మకు ఉంచి, రెండోదాంట్లో మనం రాసే ప్రోగ్రామ్‌ను దాచారు. అంటే ప్రోగ్రామ్ ఉన్నది తెర వెనక ఎక్కడో కాదు, తెరమీదే. మరి కనిపించదేం? రంగులను అలా అమర్చారు. ప్రోగ్రామ్ బిట్టు సున్నా అయినా ఒకటి అయినా ఆ చుక్క రంగు మారదు. మనం చూస్తున్న బొమ్మలోనే మన ప్రోగ్రామ్ కలిసిపోయి, కంటికి కనబడకుండా ఉంటుంది. నాలుగు రంగుల తెర రెండు రంగులకు దిగిపోయింది, బదులుగా సుమారు 1.8 కిలోబైట్ల చోటు దొరికింది. ఈ యంత్రం కొన్నవాళ్ళు 1978లోనే ఆర్కేడియన్ అని ఒక చిన్న పత్రిక పెట్టుకుని, అందులో తాము రాసిన ప్రోగ్రామ్‌లు అచ్చువేసి ఒకరికొకరు పంచుకున్నారు. ఆ యంత్రం వ్యాపారం చేతులు మారిన తరవాత కూడా ఆ పత్రిక నడిచింది. కీబోర్డు అని చెప్పుకోదగ్గది లేకుండానే కంప్యూటర్ సంఘం ఒకటి ఏర్పడిందన్నమాట.

సరే, మ్యాటెల్ దగ్గరికి వద్దాం. ఇంటెలివిజన్ అమెరికా అంతటా 1980లో అమ్మకానికి వచ్చింది. ధర సుమారు 300 డాలర్లు. ఆ పెట్టెకు వాళ్ళు పెట్టిన పేరు మాస్టర్ కాంపొనెంట్. అంటే ఇది మొదటి భాగమే, రెండోది వెనకే వస్తోందని పేరులోనే చెప్పారు. ఆ రెండోది కీబోర్డ్ కాంపొనెంట్. దాని వీపు మీద ఉన్న గుంటలో ఇంటెలివిజన్ పెట్టెను పడుకోబెడితే రెండూ కలిసి ఒకే కంప్యూటర్ అవుతాయి. కొన్నవాళ్ళలో చాలామంది ఆ మాట నమ్మే కొన్నారు.

మాట ఇవ్వడంలో మ్యాటెల్ లోభించలేదు. కీబోర్డ్ కాంపొనెంట్‌లో రెండో ప్రాసెసర్, సొంత ర్యామ్, లోపలే అమర్చిన టేప్ డ్రైవ్. ఆ టేప్ మామూలుది కాదు. ఒక పక్క కంప్యూటర్ సమాచారం, ఇంకో పక్క మనిషి గొంతు. యంత్రమే టేపును ముందుకూ వెనక్కూ తిప్పుకుని, తెరమీద బొమ్మకు సరిపోయేలా మాటలు వినిపించేది. ఫ్రెంచి నేర్పే టేపు ఒకటి ఉండేది. అది ఒక వాక్యం పలుకుతుంది, మీరు మైకులో పలకాలి, మీ గొంతును రికార్డు చేసి మళ్ళీ మీకే వినిపిస్తుంది. అప్పట్లో అమెరికా టీవీలో వ్యాయామం నేర్పే జాక్ లలేన్ పేరుతో మరో టేపు. ఇంటి బడ్జెట్టుకు ఒకటి, జాతకాలకు ఇంకొకటి. కంప్యూటర్ కొంటే ఇంట్లో ఏం చేస్తారో ఎవరికీ తెలియని కాలం కాబట్టి తోచినవన్నీ పెట్టారు.

కానీ చౌకగా చేయడం వాళ్ళ చేతకాలేదు. వసంతం పోయి శరదృతువు వచ్చేది, మళ్ళీ వసంతం వచ్చేది, కీబోర్డు మాత్రం వచ్చేది కాదు. చివరికి కొన్ని ఊళ్ళలో ప్రయోగాత్మకంగా అమ్మినప్పుడు ధర 600 డాలర్లు. పెట్టెకు రెట్టింపు! తయారైనవి మొత్తం సుమారు 4,000. మాట నమ్మి కొన్న జనం ఫిర్యాదు చేస్తే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రంగంలోకి దిగింది. చెప్పిన కీబోర్డు దుకాణాల్లో పూర్తిగా అందుబాటులోకి వచ్చేదాకా జరిమానా కట్టమంది. ఒక యంత్రపు విడిభాగం రాలేదని ప్రభుత్వం కంపెనీ నెత్తిన కూర్చోవడం విచిత్రమే, కానీ న్యాయమే. అరచేతిలో వైకుంఠం చూపించినవాడు ఆ దారి ఎటో కూడా చూపాలి కదా.

అప్పుడు మ్యాటెల్‌లోనే మరో చిన్న బృందం చప్పుడు చేయకుండా ఒక చౌక కీబోర్డు తయారుచేసింది. లోపల దాని మారుపేరు లక్కీ. 1983లో అది ఎంటర్‌టైన్‌మెంట్ కంప్యూటర్ సిస్టమ్ అనే పేరుతో వచ్చింది. ర్యామ్ 2 కిలోబైట్లు. చిన్న చిన్న మీటలు. పాతదానితో పోలిస్తే సగం కూడా కాదు. అయినా చట్టం దృష్టిలో కీబోర్డు కీబోర్డే, ఇచ్చిన మాట తీరింది. దాంతోపాటు నలభై తొమ్మిది మెట్ల హార్మోనియం పెట్టె లాంటి సంగీతపు కీబోర్డు కూడా అమ్మారు. దాన్ని వాడుకునే కార్ట్రిడ్జ్ వచ్చింది ఒక్కటే, మెలొడీ బ్లాస్టర్. ఖరీదైన పాత కీబోర్డు కొన్న కొద్దిమందిని పిలిచి డబ్బు వాపసు ఇస్తామన్నారు. 1984 జనవరికి మ్యాటెల్ ఎలక్ట్రానిక్సే మూతపడింది.

ఈలోగా బయట బజారు తలకిందులైంది. 1981లో కమడోర్ కంపెనీ విక్-20 అనే అసలైన కంప్యూటర్‌ను 300 డాలర్లకు తెచ్చింది. స్టార్ ట్రెక్ నటుడు విలియం షాట్నర్ టీవీలో కనబడి, ఉత్త వీడియో గేమ్ ఎందుకు కొంటారు అని తల్లిదండ్రులను నిలదీశాడు. 1982లో 64 కిలోబైట్ల కమడోర్ 64 వచ్చింది, ధర 595 డాలర్లు. మరుసటి ఏడాదికి అది 200 డాలర్ల దాకా దిగింది. పైగా మీ పాత ఆటపెట్టె పట్టుకొస్తే 100 డాలర్లు తగ్గిస్తామన్నారు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తన కంప్యూటర్‌ను 99 డాలర్లకు దించి, ఆ పోటీలో నలిగి, 1983 అక్టోబరులో చేతులెత్తేసింది. కంప్యూటరే వందా రెండొందలకు వస్తుంటే, వందో నూటయాభయ్యో పెట్టి ఆటపెట్టెకు కీబోర్డు ఎవరు తగిలిస్తారు? కీబోర్డుల కథను ముగించింది వాటి లోపాలు కాదు, ర్యామ్ చిప్పుల ధర పడిపోవడం.

సరిగ్గా ఆ గాలివానలోకి కొలీకో దిగింది. కొలీకో అంటే కనెక్టికట్ లెదర్ కంపెనీ. 1932లో చెప్పులు కుట్టే తోలు అమ్మడంతో మొదలై, బొమ్మల దాకా ఎదిగిన సంస్థ. 1982లో వాళ్ళ కొలీకోవిజన్ ఆటపెట్టె డాంకీ కాంగ్ ఆటతో కలిపి వచ్చి దుమ్ము రేపింది. 1983 జూన్‌లో వాళ్ళు ఆడమ్ అనే కంప్యూటర్‌ను ప్రకటించారు. రెండు రకాలుగా కొనుక్కోవచ్చు. మొత్తం కంప్యూటర్‌గా ఒకటి, లేదా మీ దగ్గరున్న కొలీకోవిజన్‌కు తగిలించే భాగంగా ఇంకొకటి.

కాగితం మీద ఆడమ్‌ను మించింది లేదు. 80 కిలోబైట్ల ర్యామ్. చక్కటి కీబోర్డు. టేప్ డ్రైవ్. ప్రింటర్‌తో సహా! అదీ చుక్కల అక్షరాల ప్రింటర్ కాదు, టైప్‌రైటర్ మాదిరి అక్షరాలు కొట్టే డైసీ వీల్ ప్రింటర్. స్విచ్ వేయగానే ఏ టేపూ పెట్టనక్కర లేకుండా ఎలక్ట్రానిక్ టైప్‌రైటర్‌గా పనిచేస్తుంది. పిల్లవాడు హోంవర్కు రాసుకుని అచ్చుకొట్టుకోవచ్చు. తల్లిదండ్రుల మనసు తెలిసిన కంపెనీ.

కానీ తయారీలో తొందర. కరెంటు ఇచ్చే పవర్ సప్లయ్‌ను ప్రింటర్ పెట్టెలో పెట్టారు. ప్రింటర్ పాడైందా, కంప్యూటర్ కూడా ఆగిపోయినట్టే. రిపేరుకు ప్రింటర్ పంపితే మిగతా సామానంతా ఇంట్లో ఊరికే కూర్చోవాలి. ఇంకో లోపం దీన్ని మించింది. స్విచ్ వేసిన క్షణాన యంత్రం నుంచి ఒక విద్యుదయస్కాంత తరంగం లేచేది. టేపు డ్రైవ్‌లోనో పక్కనో ఉంటే అందులో రాసిందంతా చెరిగిపోవచ్చు. పిల్లవాడు వారం రోజులు కూర్చుని రాసుకున్న ప్రోగ్రామ్ టేపును రాత్రి డ్రైవ్‌లోనే వదిలేసి పడుకుని, పొద్దున్నే స్విచ్ వేస్తే ఏముంటుంది? కొన్నవి పెట్టెలు పెట్టెలుగా దుకాణాలకు తిరిగొచ్చాయి. కొత్తవాళ్ళకు అర్థమయ్యేలా వివరణ పుస్తకం లేకపోవడం ఒక కారణమని కంపెనీ చెప్పుకుంది. అది కొంత నిజమే కావచ్చు, కానీ పుస్తకం ఎంత బాగా రాసినా ప్రింటర్‌లో ఉన్న పవర్ సప్లయ్ బయటికి రాదు. తరవాత ఆడమ్ కొంటే పిల్లల కాలేజీ చదువుకు 500 డాలర్ల కూపన్ అన్నారు. 1985 జనవరిలో ఆడమ్‌ను ఆపేశారు. అదే కొలీకో ఆ రోజుల్లోనే క్యాబేజ్ ప్యాచ్ బొమ్మలు అమ్మి కోట్లు గడించింది. గుడ్డ బొమ్మకు పవర్ సప్లయ్ అక్కర్లేదు.

జపాన్‌లో కథ వేరుగా నడిచింది. 1983 జులైలో నిన్‌టెండో తన ఆటపెట్టెను విడుదల చేస్తూ ఫ్యామిలీ కంప్యూటర్ అని పేరు పెట్టింది. జనం ముద్దుగా ఫామికామ్ అన్నారు. పేరులో కంప్యూటర్ ఉంది కానీ కీబోర్డు లేదు. 1984 జూన్‌లో హడ్సన్ సాఫ్ట్, షార్ప్ కంపెనీలతో కలిసి ఫ్యామిలీ బేసిక్ తెచ్చారు. కీబోర్డు, కార్ట్రిడ్జ్, వివరణ పుస్తకం కలిపి 14,800 యెన్లు. ఫామికామ్ ధరా అక్షరాలా అంతే. ఇక్కడ కూడా ర్యామ్ 2 కిలోబైట్లే, కానీ ఆలోచన బాగుంది. బొమ్మలు ముందే గీసి ఇచ్చేశారు. నిన్‌టెండో ఆటల హీరో మారియో ఉంటాడు, పీత ఉంటుంది, పెంగ్విన్ ఉంటుంది, కారు ఉంటుంది. నాలుగు లైన్లు రాస్తే మారియో తెరమీద నడిచేవాడు. పదేళ్ళ పిల్లవాడికి లెక్కలు చేసే ప్రోగ్రామ్ కంటే తను చెప్పినట్టు నడిచే మారియో ఎంత గొప్పవాడో చెప్పాలా? కార్ట్రిడ్జ్‌లో రెండు బ్యాటరీలు వేసుకుంటే స్విచ్ ఆపినా రాసింది చెరిగేది కాదు.

ఆ యంత్రంతో కుస్తీపట్టినవాళ్ళలో సతోషి తజిరి అనే కుర్రవాడు ఉన్నాడు. ఫామికామ్ ఆటలు ఎలా తయారవుతాయో తెలుసుకోవడానికి ఫ్యామిలీ బేసిక్‌ను ముందు వేసుకుని అధ్యయనం చేశాడు. తరవాత అసలు పరికరాలు సమకూర్చుకుని, స్నేహితులతో కలిసి చేసిన క్వింటీ అనే ఆట 1989లో వచ్చింది. 1996లో ఆయన తెచ్చిన ఆట పేరు మీ ఇంట్లో పిల్లలకు తెలుసు. పోకేమాన్.

నిన్‌టెండో వాళ్ళ మోటార్‌సైకిల్ పందెం ఆట ఎక్సైట్‌బైక్ ఆడినవాళ్ళు ఇక్కడ వింటుంటే వాళ్ళకొక ముక్క. అందులో సొంతంగా ట్రాక్ తయారుచేసుకునే చోట సేవ్, లోడ్ అని రెండు మాటలుంటాయి, నొక్కితే ఏమీ జరగదు. జపాన్‌లో ఫ్యామిలీ బేసిక్‌కు తోడుగా ఒక టేప్ రికార్డర్ అమ్మారు. ఆ సేవ్, లోడ్ దానికోసం పెట్టినవి. ఆ రికార్డర్ జపాన్ దాటలేదు, మాటలు మాత్రం ఆటలో ఉండిపోయాయి. నిజానికి నిన్‌టెండో 1985 జనవరిలో అమెరికా ప్రదర్శనలో కీబోర్డు, టేప్ డ్రైవ్‌లతోనే తన పెట్టెను చూపించింది. అప్పటికే అక్కడ ఆటల వ్యాపారం కుప్పకూలి ఉంది, ఆడమ్ చేదు ఇంకా నాలుక మీదే ఉంది. దుకాణదారులు మొహం తిప్పుకున్నారు. నిన్‌టెండో కీబోర్డు తీసేసి ఒక చిన్న ప్లాస్టిక్ రోబోను జతచేసి, ఆ ఏడాది అక్టోబరులో న్యూయార్కులో మళ్ళీ వచ్చింది. ఈసారి కంప్యూటర్ అన్న మాట ఎత్తకుండా, బొమ్మ అని చెప్పి అమ్మి గెలిచింది.

అక్కడితో ఈ కీబోర్డు చచ్చిపోయిందనుకుంటే పొరపాటు. 1990లలో చైనాలో సుబోర్ అనే కంపెనీ ఫామికామ్‌ను కాపీకొట్టి, దానికి పూర్తి కీబోర్డు కలిపేసి 'నేర్చుకునే యంత్రం' అని అమ్మింది. టైపింగ్ పాఠాలు, బేసిక్, చైనా లిపి కొట్టడం, వాటితోపాటు ఆటలు. ప్రకటనల్లో జాకీ చాన్! ఒక్కగానొక్క పిల్లవాడు పైకి రావాలని కలలుకనే తల్లిదండ్రులు ఎగబడి కొన్నారు. ఆ కంపెనీని నడిపిన దువాన్ యోంగ్‌పింగ్ తరవాత బయటికొచ్చి పెట్టిన సంస్థ నుంచే ఒప్పో, వివో ఫోన్లు పుట్టాయి. మీలో కొందరి జేబుల్లో ఇప్పుడు ఉన్న ఫోన్ల పూర్వీకుల్లో ఈ ఆటపెట్టె కీబోర్డూ ఒకటి.

ఆ కోవలోవే మన బజార్లకూ వచ్చాయి. హైదరాబాదు కోఠీ నుంచి జిల్లా కేంద్రాల ఫ్యాన్సీ షాపుల దాకా దొరికేవి. పెట్టె మీద అసలు కంప్యూటర్ బొమ్మ, లోపల పైన క్యాసెట్టు సందున్న కీబోర్డు, రెండు జాయ్‌స్టిక్‌లు, ఒక తుపాకీ. నిజం కంప్యూటర్ కొనాలంటే ముప్పై నలభై వేలు పెట్టాల్సిన రోజుల్లో వందల్లో వచ్చేది. చదువు పేరు చెప్పి ఇంట్లోకి వచ్చి, వచ్చిన సాయంత్రం నుంచే మారియో, కాంట్రా ఆటలకు అంకితమయ్యేది. బేసిక్ క్యాసెట్టు పెట్టి చూసినవాళ్ళు కొద్దిమంది. చూసినా చాలావాటిలో రాసింది దాచుకునే దారి లేదు. కరెంటు పోతే అంతా హుళక్కి, మన కరెంటు సంగతి తెలిసిందే. 2008 ప్రాంతంలో డెరెక్ లోమస్ అనే అమెరికా యువకుడు మన దేశంలోనే ఇలాంటి యంత్రం 12 డాలర్లకు దొరకడం చూసి ఆశ్చర్యపోయి, వీటికి మంచి చదువు ఆటలు రాద్దామని ప్లేపవర్ అనే ప్రయత్నం మొదలుపెట్టాడు. మంచి ఆలోచన, ఆలస్యంగా వచ్చింది. అప్పటికి సెల్‌ఫోన్ తలుపు తట్టేసింది.

ఈ కథలో మోసం ఎంత, మంచి ఎంత అని అడిగితే నా తీర్పు ఇది. ఆటపెట్టె కంప్యూటర్ అవుతుందన్న మాట చాలావరకు అబద్ధమే. ఇంటి లెక్కలు ఎవరూ వాటిలో రాసుకోలేదు, ఫ్రెంచి ఎవరూ నేర్చుకోలేదు. అయితే ఆ ఇరుకు యంత్రాల్లో బ్యాలీ బేసిక్, రాబినెట్ గళ్ళు, ఫ్యామిలీ బేసిక్ లాంటివి యంత్రం లోపల ఏం జరుగుతుందో దాచకుండా చూపాయి. ఇవాళ పిల్లల చేతిలో ఉన్న ఫోన్‌లో గిగాబైట్ల ర్యామ్ ఉంది, ఒక్క లైను ప్రోగ్రామ్ రాసే చోటు మాత్రం వెతికినా కనబడదు. ఆ విషయంలో 2 కిలోబైట్ల ఫ్యామిలీ బేసిక్‌కే నా ఓటు.

చివరగా ఒక్క మనవి. మీ అటక మీద అలాంటి కీబోర్డు ఉంటే పాత సామానువాడికి వేసేయకండి. ముందు తుపాకీలోనో మరెక్కడో బ్యాటరీలు మిగిలి ఉన్నాయేమో చూసి తీసేయండి, అవి కారి లోపలి రేకుల్ని తినేస్తాయి. పాత అడాప్టర్ వోల్టేజి సరిచూసుకోకుండా ప్లగ్గులో పెట్టకండి. పనిచేస్తే బేసిక్ క్యాసెట్టు వెతికి, ఇంట్లో ఉన్న పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, 10 ప్రింట్ అని కొట్టి ఆ పిల్ల పేరు రాయండి. కింద 20 గోటూ 10 అని కొట్టి, రన్ అనండి. కరెంటు ఉన్నంతసేపు పేరు తెరమీద పరుగెడుతూనే ఉంటుంది. ఎందుకు ఆగడం లేదని ఆ పిల్ల అడిగితే, జవాబు మీరు చెప్పకండి. తననే కనుక్కోనివ్వండి.